అద్దాలింట్లో ఇన్‌స్పెక్టరమ్మ

మార్చి 4

తమ్ముడూ,

నువ్వు దొంగవి. ఎవరింటికో కన్నం వెయ్యలేదు, సొంత ఇంట్లోనే, కన్న కూతురి దగ్గరే దోచుకున్నావు. ఆరేళ్ళ పిల్లకి ఉండాల్సిన పరుగు, గెంతు, మోకాలి మీద దెబ్బ, అన్నీ మూటకట్టి అటక మీద పడేశావు. పైగా పిల్లని బాగా పెంచావని వీధంతా మెచ్చుకుంటుంటే మీసం మెలేస్తున్నావు.

కుశల ప్రశ్నలు తర్వాత. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను రెండో మాట ఎత్తేసరికి నీ అద్దాల షాపుకి ఎవరో ఒకరు వస్తారు. ఉత్తరం చదివేటప్పుడు వచ్చినా పరవాలేదు, ఇది ఎక్కడికీ పోదు.

మొన్న మీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ పిల్లని చూస్తూనే ఉన్నాను. చేతులు వెనక్కి కట్టుకుని, పాదం పాదం కొలిచినట్టు వేసుకుంటూ, గోడలకి ఆనించిన అద్దాల మధ్య నడుస్తుంది. నీ పనివాళ్ళు ఇన్‌స్పెక్టరమ్మ అని పిలిచి నవ్వుతున్నారు. నువ్వూ నవ్వావు. నాకు మాత్రం రిటైరైన హెడ్మాస్టరు పార్కులో నడుస్తున్నట్టు అనిపించింది.

రెండో రోజు సాయంత్రం వీధి చివర ఇల్లు కడుతున్నచోట ఇసక కుప్ప మీంచి పిల్లలు దూకుతున్నారు. నువ్వూ వెళ్ళవే అన్నాను. అది అటు చూసింది, ఇటు చూసింది, నా చెవిలో అడిగింది: "అక్కడ పగిలేవి ఏమున్నాయి అత్తా?"

ఇసకలో పగిలేవి ఏముంటాయిరా?

మీ పక్కింటావిడ నాతో గొప్పగా చెప్పింది, నోట్లో వేలు పెట్టినా కొరకదండీ అని. కొరకాలి. ఆరేళ్ళ పిల్ల నోట్లో ఎవడైనా వేలు పెడితే కొరకాలి. మొక్కై వంగనిది మానై వంగునా అని మన పెద్దవాళ్ళు అంటూనే ఉన్నారు. మొక్కలన్నిటినీ వంచి కూర్చున్నాక, చెట్లన్నీ ఇలా గూనిగా ఉన్నాయేమిటని సభలు పెడతారు. ఆ సభలకి నన్ను పిలుస్తారు కూడా.

మరదలి చేతి టీ బాగుంది. చెప్పడం మర్చిపోయాను, చెప్పు.

జవాబు కాగితం మీదే రాయి.

నీ అక్క

*

మార్చి 11

అక్కా,

నీ సంపాదకీయం అందింది. నీ పత్రికలో వేసేది పొరపాటున నాకు పోస్ట్ చేశావేమో అనుకున్నాను. తర్వాత పేరు చూస్తే నాదే.

నేనెప్పుడైనా పిల్ల మీద చెయ్యి ఎత్తానా? ఒక్కసారి చెప్పు. కర్ర ఎక్కడుంటుందో కూడా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "వంచారు" అని రాశావు. నీ మరదలు చదివి, అక్కయ్యగారు మనం పిల్లని కొడతామని అనుకుంటున్నారా అని అప్పటినుంచీ ముభావంగా ఉంది. టీ సంగతి చెప్పాను. దానివల్ల ఏమీ లాభం లేకపోయింది.

ఇల్లు నువ్వు చూశావు. ముందు షాపు, మధ్య హాల్లో నిలువెత్తు గాజు పలకలు, వెనక అంచులు అరగదీసే యంత్రం, ఆ పక్కనే వంటగది. మేడ మీద ఒక్క గది. పిల్ల పాకడం మొదలుపెట్టిన రోజున యంత్రం ఆపేసి దాని వెనకే తిరిగాను. ఎటు చూసినా దాని బొమ్మే, ఏది అద్దమో ఏది దారో తెలియక నవ్వుతూ పాకుతోంది. అప్పుడు మేమిద్దరం కలిసి నేర్పిన ఆట అది. చేతులు వెనక్కి, అడుగు చిన్నగా. అదేమీ ఏడవలేదు. ఇష్టంగానే నేర్చుకుంది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళకి దానికి గాజు పెంకు ఒక్కటి గుచ్చుకోలేదు. అది నాకు గర్వం. పెంచినవాళ్ళకి తెలుస్తుంది అక్కా.

స్కూల్లో మంచి నడవడిక అని సర్టిఫికెట్ ఇచ్చారు. మంచి బెల్జియం అద్దం కోసి దాని చుట్టూ ఫ్రేము కట్టాను. షాపులో తగిలించాను, వచ్చినవాళ్ళందరూ చూస్తున్నారు. టీచరుగారు ఒకసారి వచ్చి మాట్లాడమన్నారు, చిన్న విషయమేలే. ఇక్కడ ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం గాజు మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మందు మానేసి ఉంటావు, నాకు తెలుసు.

నీ తమ్ముడు

*

మార్చి 17

తమ్ముడూ,

పెంచినవాళ్ళకి తెలుస్తుందా? మరి నిన్ను పెంచిందెవర్రా? అమ్మ రెండు షిఫ్టులు చేసి వచ్చేదాకా నిన్ను చంకనేసుకుని తిరిగిందెవరు? నువ్వు గోడ మీంచి పడి పెదవి చీల్చుకుంటే పరిగెత్తిందెవరు? ఆ మచ్చ ఇప్పటికీ మీసం కింద ఉంది, నీ బెల్జియం అద్దంలో చూసుకో. నీ బాల్యం నువ్వు మచ్చలతో సహా అనుభవించావు. కూతురి దగ్గరికొచ్చేసరికి నీట్‌గా ఉండాలా?

కొట్టావని నేను ఎక్కడ రాశాను? కొట్టే తండ్రితో నాకు పని తేలిక. తలుపు తట్టి కేకలేస్తాను, వీధి వీధంతా వస్తుంది. ప్రేమతో కట్టేసేవాడితోనే చిక్కు. కట్టు కనపడదు, కట్టినవాడూ ఒప్పుకోడు. మరదలితో చెప్పు, ఆమె మీద నాకు కోపం లేదు. ఆ ఇంట్లో నాకు ముందునుంచీ ఆమే నచ్చింది.

నడవడికకి సర్టిఫికెట్ ఇచ్చిన ఆ స్కూలు గురించి. సెలవు రోజుల్లో వాళ్ళ ఆవరణ కార్లకి అద్దెకిస్తారని నువ్వే చెప్పావు. మామూలు రోజుల్లో కూడా సగం కార్లేనట. ఆడుకునే చోటు అమ్ముకున్నవాడికి కదలని పిల్ల కంటే మంచి పిల్ల ఎక్కడ దొరుకుతుంది? ఆ కాగితం వాడి లాభం లెక్క. నువ్వు దానికి అద్దం కట్టావు.

ఇక అసలు సంగతి. "చిన్న విషయమేలే" అని రాశావు. చిన్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగించి, చిన్న విషయమే అక్కా అన్న గొంతు అది. టీచరు ఏమన్నది?

పరీక్షలయ్యాక సెలవులకి పిల్లని నా దగ్గరికి పంపు. మా సందులో మెట్లున్నాయి, మట్టుంది, పొద్దస్తమానం అరిచే పిల్లలు పది మంది ఉన్నారు. వాళ్ళ అరుపుల్లోనే నా పత్రిక తయారవుతుంది.

మోకాలు బానే ఉంది. మందు మానేశాను.

అక్క

*

మార్చి 24

అక్కా,

క్లుప్తంగా రాస్తున్నాను.

పిల్లని ఎక్కడికీ పంపను. నీకు పిల్లలు లేరు, నీకు దాని మీద ప్రేమ, అవన్నీ నాకు తెలుసు. కానీ మా తప్పులు ఎంచి ఎంచి చివరికి పిల్లని నీ దగ్గర పెట్టుకోవాలని చూస్తావని అనుకోలేదు. నీ ఉత్తరం వంటగదిలో పైకి చదివాను. నీ మరదలు గరిట అక్కడే పడేసి మేడ మీదకి వెళ్ళిపోయింది. పిల్ల గుమ్మం దగ్గరే ఉంది. ఎంతవరకు విందో తెలియదు.

టీచరు సంగతి అడిగావు కాబట్టి చెప్తున్నాను. వచ్చే ఏడాది కూడా అదే క్లాసులో కూర్చోబెడతారట. ఒంటికాలి మీద గెంతలేదు, బంతి వస్తే పట్టుకోదు, పక్కకి తప్పుకుని దారిస్తుంది. కత్తెర పట్టుకోవడం రాదు. పెన్సిలుతో ఎంత తేలిగ్గా రాస్తుందంటే గాజు పలక మీద ఈగ నడిచినట్టు ఉంటుంది, టీచరు కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూడాలి. అక్షరాలు మాత్రం ఒక్కటీ తప్పు లేవు.

పిల్లల డాక్టరుకి చూపించాం. చేతులు, కాళ్ళు, కళ్ళు, చెవులు అన్నీ చూశారు. ఎముకలూ నరాలూ లక్షణంగా ఉన్నాయట. మేం ఏం పని చేస్తామని అడిగారు, చెప్పాను. ఆవిడ కాసేపు పిల్లని కుర్చీల మధ్య నడిపించి, తర్వాత అన్నారు: "దీనికి మందు లేదు. ఎక్కనివ్వండి, దూకనివ్వండి, పడనివ్వండి. మట్టి పిసకనివ్వండి. చేతిలో బలం, ఒంటి మీద నమ్మకం అలాగే వస్తాయి. కూర్చోబెట్టి రాయిస్తే రావు."

కాబట్టి మాకు తెలిసింది. ఏర్పాటు చేస్తున్నాను. నా ఇంట్లోనే.

నీ తమ్ముడు

*

మార్చి 30

ఒరేయ్,

పిల్లల్ని ఎత్తుకుపోవడానికి నేనేమైనా గద్దనా? నెల రోజుల సెలవులకి అత్త ఇంటికి రమ్మంటే ఆస్తి రాసిమ్మన్నట్టు చేశావు. ఎవరి పిల్లా నాకు వద్దు. సందులో ఉన్న పది మందితోనే ఇంటి కప్పు లేచిపోతోంది. మరదలికి ఈ పేరా నువ్వే చదివి వినిపించు, గొంతులో వెటకారం లేకుండా.

ఆ డాక్టరమ్మకి నా నమస్కారం చెప్పు. నేను ఇరవై ఏళ్ళుగా పేజీలు నింపి చెప్పలేనిది ఆవిడ మూడు మాటల్లో చెప్పింది. పిల్ల బుర్ర మెడ దగ్గర ఆగిపోదురా. అరచేతుల్లో ఉంటుంది, అరికాళ్ళలో ఉంటుంది. చెట్టెక్కే పిల్లకి ఏ కొమ్మ ఆగుతుందో, ఏది విరుగుతుందో లెక్కేసుకోవడం వస్తుంది. కిందపడ్డ పిల్లకి లేవడం వస్తుంది. పోట్లాడిన పిల్లకి రాజీపడటం వస్తుంది. వీటిని ఏ పుస్తకంలో పెట్టి నేర్పుతారు?

నీ ఒక్కడి తప్పు కాదని కూడా నాకు తెలుసు, ఆ మాట ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి దాచుకో, మళ్ళీ రాయను. వీధి మోటారు బళ్ళకిచ్చారు, స్కూలు ఆవరణ కార్లకిచ్చారు, ఖాళీ స్థలం ఉన్నవాడు గోడ కట్టి పైన గాజు పెంకులు గుచ్చాడు. ఆ పెంకులు నీ షాపు చెత్తలోంచే వెళ్ళి ఉంటాయి. పిల్లలకి మిగిలింది మంచం, టీవీ, "కదలకు" అనే మాట. ఆ తర్వాత పిల్లలు మందకొడిగా ఉన్నారని వాళ్ళ మీదే నింద. గిత్త కాళ్ళు కట్టేసి పందెంలో ఓడిపోయిందని తిట్టినట్టు ఉంది.

ఇంతకీ ఏం ఏర్పాటు చేస్తున్నావు? "నా ఇంట్లోనే" అన్న మాట నాకు నచ్చలేదు.

అక్క

*

ఏప్రిల్ 8

అక్కా,

నీ మరదలికి వినిపించాను. "గద్దనా" దగ్గర నవ్వింది. ఇంట్లో వాతావరణం కుదుటపడింది.

ఇప్పుడు నా ఏర్పాటు విను. మేడ మీద గది ఖాళీ చేశాను. మంచాలు కింద హాల్లోకి తెచ్చాను, మేం పలకల మధ్యే పడుకుంటున్నాం. పక్కకి తిరగాలంటే ఒకరికొకరు చెప్పుకుని తిరుగుతున్నాం. ఆ గది నేల మీద ప్యాకింగ్ గడ్డి మోకాలి లోతున పరిచాను. గోడలకి గోనె, దాని మీద మెత్తటి ఫెల్ట్ గుడ్డ. కిటికీ అంచులకి రబ్బరు పట్టీ. గుమ్మానికి దిండ్లు కుట్టించాను. కోడిగుడ్డు విసిరినా పగలదు. నిజంగానే విసిరి చూశాం, పగల్లేదు. నా జీవితంలో ఇంత మంచి ప్యాకింగ్ చెయ్యలేదు. ఓడలో ఎక్కించిన నిలువుటద్దాలకి కూడా ఇంత చెయ్యలేదు. పనివాళ్ళు చూసి మెచ్చుకున్నారు.

ఆదివారం పొద్దున పిల్లని తీసుకెళ్ళి మధ్యలో నిలబెట్టి, ఇక నీ ఇష్టం, పరిగెత్తు, దూకు, పడు అన్నాను. నీ మరదలూ నేనూ గుమ్మంలో నిలబడ్డాం.

అది చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. గోడలు చూసింది. గడ్డి చూసింది. తర్వాత నన్ను అడిగింది: "నాన్నా, నన్ను ఎక్కడికి పంపించేస్తున్నారు?"

అక్కా, మా ఇంట్లో గడ్డిలో పెట్టిందేదైనా పొద్దున్నే లారీ ఎక్కిపోతుంది. అది పుట్టినప్పటినుంచీ చూస్తున్నది అదే. పైగా ఆ రోజు గుమ్మం దగ్గర నీ ఉత్తరం విన్నది.

నీ మరదలు ఎత్తుకుని కిందకి తీసుకెళ్ళింది. నేను గడ్డిలో కూర్చుండిపోయాను. ఏం చెయ్యాలో తోచడం లేదు.

తమ్ముడు

*

ఏప్రిల్ 13

తమ్ముడూ,

ఉత్తరం చదివి, లేచి, సందులో ఆ చివరిదాకా నడిచి వచ్చి రాస్తున్నాను. లేకపోతే ఇంకా కటువుగా ఉండేది.

పిల్లకి స్వేచ్ఛ ఇవ్వమంటే పార్సిల్ కట్టావు. ఆ గడ్డి పీకెయ్. ఆ గోనె పీకెయ్. ముందుగా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నిన్ను ఎక్కడికీ పంపం అని చెప్పు. ఒకసారి చెప్తే చాలదు, అది నమ్మేదాకా చెప్పు. అత్త కూడా అదే రాసిందని చెప్పు.

అసలు మూలం ఆ గాజు. ఇంట్లో గాజు ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల చేతులు ముందుకి రావు. యంత్రం, పలకలు, అన్నీ ఇంకో చోటికి మార్చు. వీధి అవతల షెడ్డు ఖాళీగా ఉందన్నావు. షాపు ఒక చోట, బతుకు ఒక చోట పెట్టుకో. పిల్ల కంటే అద్దాలు ఎక్కువా నీకు? నాకు తెలుసు, కష్టమంటావు, గిరాకీ పోతుందంటావు. పోనీ. ఈ మాట నీ తిండి పోగొట్టేది అని తెలిసే అంటున్నాను.

అక్క

*

ఏప్రిల్ 22

అక్కా,

ఈసారి నువ్వు పొరపడ్డావు. సంతోషంగా చెప్తున్నాను, ఈ అవకాశం నాకు ఏళ్ళకొకసారి వస్తుంది. అసలు మూలం గాజు కాదు.

గడ్డి పీకేశాను. నిన్ను ఎక్కడికీ పంపం అని పిల్లకి రోజూ చెప్తున్నాం. గడ్డంతా వంటగది వెనక ఉన్న చిన్న పెరట్లో గోడ పక్కన కుప్ప పోశాం, లారీవాడు వచ్చి తీసుకెళ్ళేదాకా. పక్కింటి పిల్లలు చూశారు. ఇంకేముంది, గోడ ఎక్కడం, అందులో దూకడం. మా పిల్ల వంటగది గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను రమ్మన్నాను, రాలేదు. నీ మరదలు చెప్పులు విడిచి, గోడెక్కి, నాకేసి కూడా చూడకుండా దూకేసింది. గడ్డిలో మునిగి జుట్టు నిండా పుల్లలతో లేచింది. పెళ్ళయి పదేళ్ళయింది, ఆమె దూకగలదని నాకు తెలియదు.

అప్పుడు పిల్ల కదిలింది. చేతులు ముందుకు తీసి గోడ పట్టుకుంది, ఎక్కింది. పైన నిలబడి నావైపు చూసింది. నేనేమీ అనలేదు అక్కా, ఒట్టు. ఊపిరి మాత్రం గట్టిగా లోపలికి లాగాను. పలక జారబోతుంటే మా పనిలో అందరం లాగుతామే, హా అని, అలా. అంతే. అది వెంటనే చేతులు వెనక్కి పెట్టుకుని, వెనక్కి తిరిగి జాగ్రత్తగా దిగిపోయింది.

నీ మరదలు నన్ను చూసి నెమ్మదిగా అంది: "మీరు లోపలికి వెళ్ళండి."

వెళ్ళాను. అంచులు అరగదీసే యంత్రం వేసుకున్నాను, బయట ఏమీ వినపడకుండా. ఒక అద్దం అంచు అరగదీసీ అరగదీసీ పాడుచేశాను. వెలుగు తగ్గాక బయటికొస్తే పెరట్లో అందరూ అరుస్తున్నారు. అందులో ఒక గొంతు కొత్తగా ఉంది. ఎవరి పిల్లా అని చూస్తే మా పిల్లే. అక్కా, మా పిల్ల గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. పనివాళ్ళు కూడా పని ఆపి వచ్చి చూశారు.

నన్ను చూడగానే అది రెండు చేతులతో మోకాలు మూసుకుంది. గోడకి గీరుకుపోయింది. అమ్మకి అప్పటికే చూపించింది, కడిగించుకుంది, నవ్వింది కూడానట. నాకు దాచింది.

అద్దాల మధ్య ఆ నడక గాజు కోసం కాదు అక్కా. నా మొహం కోసం. పగిలేది నేనని దానికి తెలుసు.

గాజు ఎక్కడికీ మార్చను. ఎక్కడ నెమ్మదిగా నడవాలో దానికి తెలుసు, అది మంచిదే. ఎక్కడ అక్కర్లేదో ఇప్పుడు తెలుస్తోంది. లారీవాడు వచ్చాడు, గడ్డి ఇవ్వలేదు, ఇంకో లోడు అడిగాను. నిన్న మట్టి పిసికి బొమ్మ చేసింది. ఇన్‌స్పెక్టరు అట, పెద్ద పొట్ట పెట్టింది. స్కూలువాళ్ళు మాత్రం మాట మార్చలేదు, అదే క్లాసట. నాకు కొంచెం కష్టంగానే ఉంది. దానికి లేదు. ఆ క్లాసు కిటికీ పక్కన సీటు దానిదేనట.

రోజూ సాయంత్రం నన్ను లోపలికి పంపించేస్తున్నారు. ఎన్నాళ్ళని అద్దాలు అరగదీస్తూ కూర్చోను? నాకూ చూడాలని ఉంది. నేనేం చెయ్యాలో రాయి. ఉపన్యాసం వద్దు. చెయ్యాల్సినవి మాత్రం రాయి.

నీ తమ్ముడు

*

ఏప్రిల్ 28

తమ్ముడూ,

గాజు విషయంలో నువ్వన్నదే సరైంది. రెండుసార్లు చదవకు.

ఉపన్యాసం వద్దన్నావు కాబట్టి మిగతా నాలుగు పేజీలూ చించేశాను. నా డిమాండ్లు ఇవి. బేరాల్లేవు.

1. మరదలు ఏది చెప్తే అది. పెరట్లో ఆమే పెద్ద.

2. రోజూ కాసేపు పెరట్లో కూర్చో. గోడకి దూరంగా. చేతికి ఏదో పని పెట్టుకో, మొహం ఆ పని మీద పెట్టు.

3. "జాగ్రత్త" అనే మాట అద్దాల హాల్లో మాత్రమే వాడు. గుమ్మం దాటాక వద్దు.

4. ఊపిరి లాగడం నీ చేతిలో లేదు, ఒప్పుకుంటాను. లాగేటప్పుడు అటు తిరుగు.

5. పెన్సిలు గట్టిగా నొక్కమని ఎవరూ అనకూడదు. మట్టి చూసుకుంటుంది.

6. అదే క్లాసులో ఇంకో ఏడాది కూర్చుంటే కొంపలు మునగవు. దాని ముందు ఆ విషయం నిట్టూర్పుతో ఎత్తకు.

7. స్కూలు ఆవరణలోంచి కార్లు తీసెయ్యమని అర్జీ రాయి. మొదటి సంతకం నీది, రెండోది పక్కింటావిడది. అచ్చు నేను వేయిస్తాను.

8. నువ్వు కూడా ఆ గోడెక్కి దూకు. పిల్ల చూస్తుండగా.

9. మోకాలు చూపించమని అడగకు. అదే వచ్చి చూపించాలి. చూపించిన రోజు నాకు ఫోన్ చెయ్యి.

అక్క